ఆశ్రయించిన శునకము - గృహస్థ ధర్మము

పాండవుల మహాప్రస్థాన కథ ఎరుగని వైష్ణవ గృహము తెలుగునాట అరుదు. ద్రౌపదియు, నలుగురు తమ్ములును దారిలో ఒరిగిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క మాత్రమే. ఇంద్రుడు రథముతో వచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనెను. నమ్మి వెంటవచ్చిన దానిని విడుచుట తనవలన కాదని ధర్మరాజు బదులు చెప్పెను. అది ధర్మదేవతయే అని పిదప తెలిసినది. కథ చెప్పువారు ఈ రహస్యము వద్దకు త్వరగా వచ్చెదరు గాని, ధర్మరాజు ఆ మాట అన్న క్షణమున అది వట్టి కుక్కయే.

మరియొక సంగతి కలదు. ఆ కుక్కను ధర్మరాజు పిలువలేదు. హస్తినాపురము వీడిన నాటినుండి అది తానై వెంట నడచినది. అంత దూరము రానిచ్చి, చివరి గడప వద్ద తరిమివేయవచ్చునా అన్నదే అక్కడి ప్రశ్న.

ఖమ్మము దాటి, పాల్వంచ మీదుగా భద్రాచలము పోవు దారిలో, కిన్నెరసాని అభయారణ్యము అంచు పల్లెలలో ఈ ప్రశ్న నేటికిని ఇంటి వాకిట వచ్చి నిలుచును. ఎవరో రోడ్డుపక్క వదలిన కుక్కపిల్ల గజ్జితో, ఎముకలు కనబడుచు గడపకు చేరును. పిల్లలు దానిని విడువరు. నాయనమ్మ తులసికోట వైపు చూచి, మడి మాటేమని అడుగును. కొట్టములో లేగదూడ, గంప క్రింద కోడిపిల్లలు, అటకమీద ఈనిన పిల్లి అప్పటికే ఆ ఇంటిని ఆశ్రయించి యున్నవి.

దయకు తొందర ఎక్కువ. విభీషణుడు శరణు కోరి వచ్చినపుడు శ్రీరామచంద్రుడు తొందరపడలేదు. సుగ్రీవాదుల శంకలు వినెను, హనుమంతుని మాట వినెను. అభయమొసగిన పిమ్మట మాత్రము మరలి చూడలేదు. కావున భయపడువారి మాట ముందుగా వినుట నిర్దయ కానేరదు.

ఆ భయము వట్టిదియు కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేండ్ల బాలుడు బలియయ్యెను. రేబిస్ లక్షణములు పైకి వచ్చిన పిమ్మట మనిషి బ్రతుకుట దాదాపు లేదు. కుక్క కరచినను, గోటితో గీరినను 15 నిమిషములు సబ్బుతో, ధారనీటితో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. పసరు మందులతో ప్రొద్దు పుచ్చరాదు. కుక్కపిల్లకు మూడవ నెల నిండగానే పశువైద్యునిచే టీకా వేయించి, పిమ్మట ఆయన చెప్పిన గడువున మరల వేయించవలెను. గజ్జి మానువరకు పిల్లికిని, దూడకును దూరముగ ఉంచవలెను.

పిల్లలకు చెప్పవలసిన కథ వేరొకటి. జనమేజయుని యాగశాలకు వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ములు కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, కన్నెత్తియైన చూడలేదు. తప్పు లేని దానిని కొట్టినందుకు, ఊహింపని భయము కలుగునని సరమ శపించెను. తినుచున్న కుక్క తోక లాగు పిల్లవానికి ఈ కథ చక్కగా తలకెక్కును.

అడవి సంగతియు మరువరాదు. 2018లో గిర్ అడవిలో సింహములను చంపిన డిస్టెంపరు వ్యాధి కుక్కలకును వచ్చునదే. రాత్రి విడిచిన కుక్క దుప్పి పిల్లలను తరుమును. ఒక ప్రాణిపై చూపిన దయ మరియొకదానికి మృత్యువు కారాదు గదా!

మడి విషయమున చిక్కు తక్కువ. గీత పండితునికి ఆవునందును, కుక్కయందును సమదృష్టి చెప్పినదే గాని, రెండింటిని ఒకే చోట కట్టుమనలేదు. వాకిట గోనెపట్ట పరచిన చాలును.

ఇంట చోటు లేదని మొదటనే చెప్పి, అన్నము పెట్టి, వేరొక మంచి ఇల్లు వెదకిన గృహస్థుని తప్పు పట్టరాదు. తప్పు వేరొకచోట జరుగుచున్నది. వేసవి సెలవులలో పిల్లలు ముద్దుచేసిన కుక్క ఎదిగి, మొదటి కోడిని పట్టిన నాడు, దానిని గోనెసంచిలో వేసి గోదావరి ఆవలి సంతలో విడిచి వచ్చెదరు. అది నాలుగు దినములు బండ్ల వెంట పరుగెత్తి ఇల్లు వెదకును. ఇంద్రుడు ధర్మరాజును చేయుమన్నది సరిగా ఇదియే.

ఉంచుకొనుటకే నిశ్చయించిన ఇంట మొదటి వారము కష్టము. పిల్లి అటక దిగదు. కోళ్లు గూటికి చేరు వేళ కుక్కను కట్టివేయవలెను. రాత్రి అది మూలుగును, పిల్లలు నిద్రపోరు. చాల ఇండ్లలో, మడి మాట ఎత్తిన నాయనమ్మయే తెల్లవారుజామున లేచి, పగిలిన మూకుటిలో ఇంత గంజి అన్నము వేసి, వాకిలి మెట్టు ప్రక్కన పెట్టును.