హత్య కథలో నవ్వా?

శవం పక్కన నవ్వడం తప్పు కదూ! ఫిన్లాండు రచయిత అంతి తువోమైనెన్ మాత్రం నవ్వించాడు. 2016లో వచ్చిన అతని నవలలో ఓ పుట్టగొడుగుల వ్యాపారికి డాక్టరు చెబుతాడు: ఎవరో మీకు కొంచెం కొంచెంగా విషం పెడుతున్నారు, ఇక బతకరు అని. ఇంటికొస్తే భార్య ఇంకొకడితో! తన హంతకుణ్ణి తానే వెతుక్కుంటాడు పాపం. చచ్చేవాడే నవ్విస్తుంటే మనకేం అభ్యంతరం?

మా చిత్తూరు వైపు వాళ్ళకిది మరీ వింతేమీ కాదు. తిరుపతి గంగజాతర చూసినవాళ్ళకు తెలుసు. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు దాక్కుంటే, గంగమ్మ రోజుకో వేషం కట్టి వెతికిందని కథ. అచ్చం డిటెక్టివే! ఆ రోజుల్లో బండవేషం, తోటివేషం కట్టినవాళ్ళు వీధుల్లో నోటికొచ్చిన బూతులు తిడతారు. తిట్లు తిన్నవాళ్ళూ నవ్వుతారు. చివరికి దొరవేషంలో అమ్మవారు వాడి తల నరుకుతుంది. వాడి మీద నాకు రవ్వంత జాలి లేదు.

కానీ ఆ తర్వాత వచ్చేది మాతంగి వేషం. పాలెగాడి పెళ్ళాన్ని ఓదార్చడానికి అమ్మవారే వెళుతుందిట! మన అపరాధ పరిశోధన నవలల్లో శవం దొరికాక ఆ ఇల్లాలెవరికి గుర్తుంటుంది, అనుమానించడానికి తప్ప? వాడి చావుకి ఊరంతా నవ్వనీండి, నేనూ నవ్వుతాను. ఆ గడపలో మాత్రం నవ్వలేను. మొగుణ్ణి చంపిన చేతులే కన్నీళ్ళు తుడుస్తుంటే ఆమెకేమనిపించి ఉంటుందో!