దేహదానమును సమ్మతియు

మరణించినవాని దేహమును వైద్యవిద్యార్థుల శస్త్రమున కొప్పగించుట ధర్మమా యని పలువు రడుగుదురు. ధర్మమే యని మా యుత్తరము. కాని యా ప్రశ్న వెనుక మఱియొక ప్రశ్న దాగియున్నది: ఒప్పగింపబడు దేహ మెవరిది, ఎవరి సమ్మతితో? దీనినే యిచ్చట విచారింపబూనితిమి.

శవపరీక్ష మనకు క్రొత్త గాదు. దేహమును గడ్డితో చుట్టి, పంజరమున నుంచి, ప్రవహించు నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట పొర వెంబడి పొరగా చూడవలెనని సుశ్రుతుడు విధించెను. కాలక్రమమున నా విద్య యడుగంటెను. 1836లో కలకత్తా వైద్యకళాశాలయందు పండిత మధుసూదనగుప్తుడు శవచ్ఛేదము చేయుట గొప్ప సాహసముగా నెన్నబడెను.

నేడు తొడలోని ధమనిద్వారా ఫార్మలిన్ మొదలగు ద్రావకముల నెక్కించి దేహమును కుళ్లకుండ కాపాడుదురు. దానిపై విద్యార్థులు మాసములతరబడి నరములను, రక్తనాళములను వెదకి నేర్చుకొందురు. పటములో ధమని యెల్లప్పుడు నొక్కచోటనే చీలును. మనుష్యులలో నొక్కొక్కరికి నొక్కొక్క విధముగా చీలును. ఈ భేదము నెఱుగని చేతికి రోగి నప్పగింపవచ్చునా?

ఇక సమ్మతి మాట. 1828లో ఎడింబరో నగరమున బర్కు, హేరు అను నిరువురు పదునాఱుగురిని చంపి, శవములను శరీరశాస్త్రోపాధ్యాయునకు విక్రయించిరి. ఈ ఘోరము బయటపడిన పిమ్మట 1832లో ఆంగ్లేయులు శాసనము చేసిరి. శవచౌర్య మడగెను, కాని దిక్కులేక అనాథశాలలలో చచ్చిన పేదల దేహములు బల్లపై కెక్కెను. మన రాష్ట్రముల శాసనములును ఆ జాడనే నడచి, ఎవరును కోరని శవములను కళాశాలల కీయ ననుమతించినవి.

మౌన మర్ధాంగీకారమని లోకోక్తి. మాటాడగలిగియు మాటాడనివానియెడ నది చెల్లునేమో గాని, చచ్చినవాని మౌన మంగీకార మెట్లగును? బ్రతికియుండగా పట్టెడన్నము పెట్టనివారము చచ్చిన పిదప వాని దేహమును గైకొనుట న్యాయమా? శాసన మొప్పినంతమాత్రమున అంతరాత్మ యొప్పదు.

మా యింట ఈ ప్రసంగము వచ్చినపుడు వృద్ధురాలగు మా తల్లిగారు, “నిప్పు పెట్టకుండ నిన్నెట్లు సాగనంపనిత్తును నాయనా?” యని కన్నీరు పెట్టిరి. ఆ దుఃఖమును మూఢత్వమని మేము త్రోసివేయజాలము. కాని యట్టి కన్నీరు కార్చువారు లేనివాని దేహముమీదనే కదా మన బిడ్డలు చదువు నేర్చుచున్నది!

కావున చదువుకొన్నవారును, కలిగినవారును తమ దేహములను దామే యిచ్చుట యొక్కటే మార్గము. 1832లో మరణించిన బెంథాము పండితుడు తన దేహమును శస్త్రపరీక్షకే విడిచిపోయెను. 2010లో జ్యోతిబసుగారి దేహమును, 2024లో తెలుగువారగు సీతారామ ఏచూరిగారి దేహమును వైద్యవిద్య కర్పింపబడెను.

న్యాయవాదులముగా నొక హెచ్చరిక చేయుచున్నాము. శవము ఆస్తి కాదనియు, వీలునామాచే నొరుల కీయరాదనియు 1882లోనే యొక ఆంగ్లన్యాయస్థానము తీర్పు చెప్పెను. కావున కాగితము వ్రాసి పెట్టెలో నుంచినంత చాలదు. తుదిదినమున దేహమును పంపవలసినవారు భార్యాబిడ్డలే. వారి యెదుట కూర్చుండి, వారి దుఃఖమును విని, వారి నొప్పింపవలెను. మేమును మా తల్లిగారితో నా సంభాషణము నింకను సాగించుచున్నాము. చదువరులారా, మీరును నేడే యారంభింపుడు.