నోటికి రాని పేరు

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారిని ఏమీ ఆశించకుండా ఆసుపత్రికి చేర్చేవారిని మన మోటారు వాహనాల చట్టం ‘గుడ్ సమరిటన్’ అంటుంది. 2019 సవరణ వారికి కేసుల బెడద లేకుండా రక్షణ కల్పించింది. ఆ పేరుకు మూలం లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం. చిత్రమేమిటంటే ఆ కథలో ‘మంచి’ అన్న మాటే లేదు, తర్వాతివారు తగిలించారు. ఆనాటి యూదుల చెవికి ‘మంచి’, ‘సమరయుడు’ (సమరిటన్) పొసగని మాటలు.

యూదులు, సమరయులు ఇరువురికీ మోషే ధర్మశాస్త్రమే ప్రమాణం. దేవుణ్ని ఆరాధించాల్సింది యెరూషలేములోనా, గెరిజీము కొండ మీదనా అన్నది పెద్ద తగవు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో యూదుల పాలకుడు హిర్కానస్ గెరిజీము మీది ఆలయాన్ని కూల్చేశాడు. దాయాదుల పగ చల్లారలేదు. ఈ ఉపమానానికి ఒక్క అధ్యాయం ముందు ఒక సమరయ గ్రామం యేసును చేర్చుకోలేదు. ఆకాశం నుంచి అగ్ని రప్పించి కాల్చేద్దామా అని ఇద్దరు శిష్యులు అడిగారు. ఆయన వారిని గద్దించాడు. ఆ వేడి ఆరకముందే లూకా మనకు ఈ కథ వినిపిస్తాడు.

తన పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్ర పండితుడు అడిగాడు. యేసు కథ మొదలుపెట్టాడు. యెరూషలేము నుంచి యెరికోకు దారి కొండల మధ్య సుమారు వెయ్యి మీటర్ల దిగువకు సాగుతుంది. దొంగలు పొంచి ఉండటానికి అనువైన చోటు. దొంగలు కొట్టి వదిలేయగా కొనప్రాణంతో పడి ఉన్న బాటసారిని చూసి యాజకుడు పక్కకు తప్పుకున్నాడు. శవమైతే మైల అంటుతుందని భయపడ్డాడేమో అని కొందరు సర్దిచెబుతారు. కానీ అతను దారి దిగి వస్తున్నాడని కథలోనే ఉంది. అంటే దేవాలయ సేవకు పోతున్నవాడు కాదు. దేవాలయ సేవకుడైన లేవీయుడూ అలాగే తప్పుకున్నాడు. యాజకుడు, లేవీయుడు అయ్యాక మూడోవాడు మామూలు యూదుడే అయ్యుంటాడని వినేవారు అనుకుంటారు. వచ్చినవాడు సమరయుడు! గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, కట్టుకట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారాలు ఇచ్చాడు. అది కూలివాడి రెండు రోజుల సంపాదన.

అప్పుడు యేసు ప్రశ్ననే తిప్పి అడిగాడు: ఈ ముగ్గురిలో పొరుగువాడైనది ఎవరు? పండితుడికి ‘సమరయుడు’ అనడానికి నోరు రాలేదు. జాలి చూపినవాడని చెప్పి ఊరుకున్నాడు.

ఈసారి ఈ కథ చదివేటప్పుడు సమరయుడి చోట మీ నోటికి రాని పేరొకటి పెట్టండి. దెబ్బలు తిన్నవాడి చోట మీరు పడుకోండి.