గాలివాన కోసం ఎదురుచూడొచ్చా?

నవంబరు వచ్చిందంటే నా చెవి బంగాళాఖాతం వైపే ఉంటుంది. అండమాన్ దగ్గర అల్పపీడనం అన్న మాట వినగానే లోపల ఏదో హుషారు. అది వాయుగుండం అవుతుందా, గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరి తుఫానుగా పేరు పెట్టించుకుంటుందా, ఒంగోలు వైపు వస్తుందా, మచిలీపట్నం వైపు తిరుగుతుందా... ఇదంతా నాకెంతో ఇష్టమైన వ్యవహారం. మా డాబా మీద వాన కొలిచే గొట్టం ఉంది. గాలి ఎటునుంచి వీచిందీ, ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందీ ఒక నోటుపుస్తకంలో రాస్తాను. ముసురు పట్టిన రోజున వీలైతే ఊరు దాటి చేల గట్ల మీద నడుస్తాను. ఈ ఇష్టం గురించి చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళ ముఖంలో ఒక ప్రశ్న కనిపిస్తుంది. కొందరు అడిగేస్తారు కూడా: "జనం కొంపలు మునుగుతుంటే నీకు సంబరమా?" అని.

ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేను. అలాగని వెంటనే తల దించుకోవడానికీ సిద్ధంగా లేను. ఎందుకో చెప్పాలి.

మా తిరువూరు సముద్రపు ఊరు కాదు. పాత కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మామిడి తోటలు, పత్తి, మిరప, మొక్కజొన్న, సాగర్ ఎడమ కాలువ కింద కొంత వరి. కొంచెం దూరం పోతే తెలంగాణ. సముద్రం వంద కిలోమీటర్ల పైనే. అందుకని తుఫాను మాకు ఉప్పెనతో రాదు. తీరం దాటి, బలం తగ్గి, ముసురుగానూ ఈదురుగాలిగానూ వస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ (కొన్ని పత్రికలు మిగ్‌జాం అన్నాయి) బాపట్ల దగ్గర తీరం దాటి, నీరసపడుతూ మా ప్రాంతం మీదుగానే ఉత్తరానికి పోయింది. భయం చూడటానికి సరిపడా ఉంటుంది, దూరం బతికి ఉండటానికి సరిపడా ఉంటుంది.

ఈ దూరం గురించి తత్వవేత్తలు ఎప్పుడో మాట్లాడారు. ఒడ్డున నిలబడి, నడిసముద్రంలో గాలికి కొట్టుకుపోయేవాణ్ణి చూడటంలో ఒక తీపి ఉందని రెండువేల ఏళ్ళ కిందట లుక్రీషియస్ రాశాడు. పరుల బాధ తీపి కాదట, ఆ బాధ మనకి తగలకపోవడమే తీపట. 1790లో కాంట్ దీన్ని ఇంకా పైకెత్తాడు. ఉరుములూ తుఫానులూ పోటెత్తిన సముద్రమూ ఎంత భయంకరమైతే అంత ఆకర్షణ, మనం సురక్షితమైన చోట ఉన్నంతవరకూ, అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఈ అనుభూతికి సంస్కారం కావాలనీ, అది లేనివాడికి అక్కడ భయం తప్ప మరేమీ కనిపించదనీ కూడా అన్నాడు. దానికి సవాయ్ ప్రాంతపు రైతు ఒకణ్ణి ఉదాహరణగా తెచ్చాడు. మంచుకొండల మీద మోజుపడేవాళ్ళందరూ పిచ్చివాళ్ళని ఆ రైతు అన్నాడట. కాంట్ పుస్తకంలో ఆ రైతుకి ఇంతకుమించి మాట్లాడే అవకాశం రాలేదు.

మన దగ్గర కొండలూ తీర్థాలూ చూడాలని ఉవ్విళ్ళూరినవాడు ప్రవరుడు. కాళ్ళకి లేపనం పూసుకుని హిమాలయాలకి ఎగిరిపోయాడు. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు ఉన్నారు, ఏ వేళలో ఎందరు అతిథులొచ్చినా విసుగులేకుండా వండివార్చే ఇల్లాలు ఉంది. మనుచరిత్ర మీద జరిగినంత చర్చలో ప్రవరుడి నిగ్రహం గురించీ వరూధిని మోహం గురించీ పుట్టలుగా రాశారు. ఆ ఇల్లాలికి కూడా మంచు చూడాలని ఉందేమో అన్న ఊహ ఎవరికీ ముఖ్యం కాలేదు. మన కావ్యాల్లో ఆడది వానరాత్రి గడప దాటాలంటే అభిసారిక కావాలి. ప్రియుడి కోసం తడవొచ్చు. వాన కోసం వానలోకి వెళ్ళినట్టు ఎక్కడా లేదు.

1874 డిసెంబరులో జాన్ మ్యూర్ కాలిఫోర్నియా కొండల్లో గాలివాన చూడటానికి ఒక పెద్ద చెట్టు చిటారు కొమ్మకెక్కి గంటల తరబడి ఊగాడు. ఆ వ్యాసాన్ని ప్రకృతి సాహిత్యంలో మణిపూసలా చదువుతారు. కింద ఆ గాలికి ఎవరి కప్పు ఎగిరిపోయిందని ఆయన్ని నిలదీసినవాళ్ళు నాకు తగల్లేదు. నన్ను అడిగే ప్రశ్నలో కొంత భాగం గాలివాన గురించి కాదని నాకు అనుమానం. ఆడదాని సంతోషం ముందుగా లెక్కలు అప్పజెప్పాలి, ఎవరికీ నొప్పి తగల్లేదని రుజువు తెచ్చాకే నవ్వాలి అనే పాత అలవాటు అందులో ఉంది. ఆ భాగానికి నేను జవాబు చెప్పను.

మిగిలిన భాగం ఉంది. అది నిజమైనది.

1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. ఆ ఉప్పెన పేరు ఎత్తితే మా జిల్లాలో ఇప్పటికీ పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు. 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ తుఫానులో ఇరవై నుంచి నలభై నాలుగేళ్ళ వయసువాళ్ళలో వెయ్యికి 15 మంది మగవాళ్ళు చనిపోతే, ఆడవాళ్ళు 71 మంది. గాలికి ఆడామగా తేడా తెలీదు కదా. ఇల్లు వదిలి రావడానికి భర్త మాట కోసం ఆగడం, చంకన ఒకరూ వేలికి ఒకరూ పిల్లలు, నీళ్ళలో కాళ్ళకి చుట్టుకునే చీర, పరాయి మగవాళ్ళ మధ్య ఆశ్రయ కేంద్రంలో ఉండాల్సి వస్తుందన్న సంకోచం. ఇవి చంపాయి. నేను ఇష్టంగా వానలోకి వెళ్ళడానికి ఏ గడప దాటుతున్నానో, అదే గడప దాటలేక వాళ్ళు పోయారు. వాతావరణం మీద ఆసక్తి ఆడవాళ్ళకి సరదా మాత్రమే అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

నా సంతోషం దేని మీద నిలబడిందో నాకు తెలుసు. కాంక్రీటు కప్పు, వాన పడినా ఆగని జీతం. ఈ రెండూ తీసేస్తే తూర్పు గాలి నాకు ఎలా వినిపిస్తుందో చెప్పలేను. నేను కోరుకుంటే తుఫాను రాదు, వద్దంటే ఆగదు. కోరికకి గాలి మీద అధికారం లేదు. కానీ కోరిక చూపుని ఒక వైపుకి తిప్పుతుంది. దేన్ని చూడాలో, ఎప్పుడు చూడటం ఆపాలో అదే నిర్ణయిస్తుంది.

2024 ఆగస్టు 31న వచ్చినదానికి పేరు లేదు. అది వాయుగుండం దశ దాటలేదు, ఆ అర్ధరాత్రి తర్వాత కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పటాల మీద చూస్తే ఆసక్తి కలిగించే ఆకారం కూడా కాదు. ఆ వానకే బుడమేరు పొంగి విజయవాడ రోజుల తరబడి నీళ్ళలో ఉంది, మా వైపు కట్టలేరు ఉరకలెత్తింది. తుఫానుల పేర్ల గురించి స్త్రీవాదులు ఒకప్పుడు గట్టిగానే కొట్లాడారు. అమెరికాలో 1953 నుంచీ తుఫానులకి ఆడవాళ్ళ పేర్లే పెడుతుంటే రాక్సీ బోల్టన్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక, 1979లో గానీ అట్లాంటిక్ జాబితాలోకి మగపేర్లు రాలేదు. న్యాయమైన పోరాటమే. మా మెట్టలో మాత్రం చేటు ఎక్కువసార్లు పేరు లేకుండానే వస్తుంది.

పత్తి తీతల కాలంలో గట్టు మీద పోతూ ఒక పిన్నిని పలకరిస్తుంటాను. ఒకసారి, "ముసురు పడుతుందంటావా పిన్నీ?" అన్నాను. నా దగ్గర అప్పటికే వాతావరణ శాఖ సూచన ఉంది. ఆమె చేతిలోని దూదిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "చెమ్మ తగుల్తంది అమ్మాయ్. రేపు పొద్దుగూకేలోపు పడుద్ది" అంది. పడింది. దూది గాలిలోని తేమని పీల్చుకుంటుందని నేను పుస్తకంలో చదివాను, ఆమె వేళ్ళతో చదివింది. పత్తిలో తేమ ఎనిమిది నుంచి పన్నెండు శాతం లోపు ఉంటేనే సీసీఐ కొంటుంది. ఆ కొనుగోలు కేంద్రం దాకా ఆమె ఎప్పుడూ వెళ్ళలేదు. కిలోకింత చొప్పున కూలి ఆమెది. తడిసిన పత్తి తూకం ఎక్కువ తూగిందని కోత పెడతారట, ఎండేదాకా పనే ఉండదట.

"నీకేం, వాన చూస్తా కూచుంటావు" అంటుందనుకున్నాను. అదే అంది. అని, కాసేపాగి, "మేమూ చూస్తాంలే. పని లేని రోజు వసారాలో కూచుని అదే పని. కూలి పోయిందని ఏడుపే. అయినా ఆ మబ్బు దిగి వస్తుంటే కన్ను మళ్ళదు" అంది.

కాంట్ రైతు దగ్గర ఆగిపోయింది ఇక్కడే. నష్టపోయేవాళ్ళకి అందం కనిపించదని ఆయన సంస్కారం పేరుతో అన్నాడు. నన్ను నిలదీసేవాళ్ళు జాలి పేరుతో అంటున్నారు. పిన్నికి ఉన్నది నష్టం మాత్రమే అనుకుంటే ఆమె కన్నుని ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టే కదా. ఏడుపూ చూపూ ఒకే మనిషిలో, ఒకే వసారాలో ఉన్నాయి. తేడా అల్లా, ఆమె చూడటానికి కూలితో వెల కట్టింది, నేను కట్టలేదు.

తుఫాను తీరం దాటగానే టీవీలు వేరే సంగతికి వెళ్ళిపోతాయి. నాకూ అక్కడితో ఆసక్తి చప్పబడే మాట నిజం. మిచాంగ్ తర్వాత కోసిన వరి పనలు మడిలోనే మొలకెత్తాయి, గింజలో తేమ పదిహేడు శాతం దాటిందని కొనేచోట వెనక్కి పంపారు, రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి తిరగేసింది చాలావరకూ ఆడవాళ్ళే. ఉపగ్రహ చిత్రంలో అప్పటికి ఆకాశం నిర్మలంగా ఉంది.

ఆ డిసెంబరులో పిన్నికి తొమ్మిది రోజుల కూలి పోయింది. నోటుపుస్తకంలో ఆ వారం వాన పక్కన తొమ్మిది అని రాసి పెట్టాను. ఈమధ్య ముసురు వెలిసిన మర్నాడు ఆమే గట్టు మీంచి కేకేసి అడుగుతోంది, "మీ గొట్టంలో ఎంత పడిందే?" అని.