దోసిలి బియ్యం కిలోల్లో ఎంత?

రంజాన్ పండుగనాడు నమాజుకు బయల్దేరేలోగా ఇంటి పెద్ద తనవాళ్లందరి తరఫునా తలకింత చొప్పున పేదలకు ఫిత్రా ఇచ్చేయాలి. ఆ 'ఇంత' ఎంతన్నదే చిక్కు. ప్రవక్త కాలంలో అది తూకం కాదు, కొలత: తలకు ఒక సా, అంటే మామూలు మనిషి దోసిలితో నాలుగు దోసిళ్లు. హదీసుల్లో ఖర్జూరం, యవలు, ఎండుద్రాక్ష వంటివాటి పేర్లున్నాయి. గుంటూరు, నరసరావుపేట, మార్కాపురం ఇళ్లలో వండేది అన్నం, అంగట్లో బియ్యం అమ్మేది కిలోల్లెక్కన. కాబట్టి మార్చుకోక తప్పదు. తలకు రెండున్నర కిలోలనేవాళ్లున్నారు, మూడనేవాళ్లున్నారు. హనఫీ ధర్మశాస్త్ర పద్ధతిలో సా పెద్దది, గోధుమలైతే అర సా చాలు, కిలో ముప్పావు దరిదాపు. ఆ పద్ధతిలో బియ్యం ఇచ్చేవాళ్లు ఆ గోధుమల విలువకు సరిపడా ఇస్తారు. ఈ లెక్క ఎప్పటికీ ఒక్క అంకె దగ్గర తేలదు. తేలని ఆ కాస్తా ఎవరి నెత్తిన పడాలన్నదే నా దృష్టిలో అసలు ధర్మప్రశ్న. అది పుచ్చుకునేవాళ్ల నెత్తిన పడకూడదు.

ఎందుకు తేలదో గిన్నె దగ్గరే కనిపిస్తుంది. లీటరు పాత్రలో బియ్యం పోసి తలకొడితే ఎనిమిది వందల గ్రాముల పైచిలుకు తూగుతాయి. అదే పాత్రను నాలుగుసార్లు నేలకు తట్టి పోస్తే గింజలు సర్దుకుని ఇంకాసిని పడతాయి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే మన బీపీటీ 5204, సన్న గింజ, ఒత్తుగా కూర్చుంటుంది. బాస్మతి పొడుగు గింజల మధ్య ఖాళీ ఎక్కువ. సా పాత్ర మీదే పెద్దలకు ఏకాభిప్రాయం లేదు. హనఫీ పద్ధతికి మూలమైన అబూ హనీఫా లెక్కలో అది ఎనిమిది రతళ్లు (పాత అరబ్బు తూకం). ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ మదీనా వెళ్లినప్పుడు అక్కడివాళ్లు తాతముత్తాతల నాటి సా పాత్రలు తెచ్చి చూపారని, అవి అయిదు రతళ్ల మీద మూడో వంతు దగ్గర తేలడంతో ఆయన గురువు లెక్క విడిచి దానికే మారారని చెబుతారు. ఆ మార్పు ఇచ్చేవాళ్లకు కలిసొచ్చేదే. అయినా సాక్ష్యం ఉన్నచోట సాక్ష్యమే నడవాలి. ఎటు మొగ్గాలన్న మాట సాక్ష్యం ఆగిపోయినచోటే వస్తుంది.

తూకమైతే పక్కాగా ఉంటుంది కదా అంటారు. పత్తీ మిర్చీ పండే ఈ నేల మీద ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు. ఆ రెండూ కుంచంతో కొలిచేవి కావు. అదిమితే అణుగుతాయి, వదిలితే పొంగుతాయి, కాటాయే వాటికి దిక్కు. అయితే కాటాకు తేమ కూడా సరుకే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ పత్తి కొనేటప్పుడు తేమ 8 శాతం దాటితే ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొననే కొనదు. గుంటూరు మిర్చి యార్డులోనూ తేమ చూడకుండా ధర పలకదు. బియ్యమూ అంతే: ఒకే తూకం పాత బియ్యం నీళ్లు ఎక్కువ తాగి ఎక్కువ అన్నమవుతాయి, కొత్తవి ముద్దవుతాయి. కొలతను తూకంలోకి మార్చినా అనుమానం పోదు, చోటు మారుతుందంతే.

దానాన్ని కాటా ఎక్కించడమేమిటన్నది ఇంకో అభ్యంతరం. ఇది గట్టిదే. గుంటూరు, ఒంగోలు వైపు చర్చిలకు వెళ్లే తల్లులు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, పోగైనవి ఆదివారం పట్టుకెళ్లి ఇస్తారు. ఆ పిడికెడును ఎవరూ తూచరు, తూచకూడదు కూడా. చెయ్యి ఎంత పడితే అంతే దాని లెక్క. ఫిత్రా ఆ కోవలోది కాదు. అది పేదింటికి రావలసిన పండుగపూట తిండి. రావలసినదానికి కనీసం ఎంతో తేల్చి చెప్పకపోతే పుచ్చుకునేవాళ్లు ఇచ్చేవాళ్ల దయ కోసం ఎదురుచూడాలి. తలకింత అని నియమం పెట్టింది ఆ అవస్థ తప్పించడానికే.

మరి ఎక్కువ వైపు మొగ్గితే ఇచ్చేవాళ్లలోని బీదలకు బరువు కాదా? ఆ రోజు తిండికి పోగా మిగిలినవాళ్లే ఇవ్వాలని షాఫియీ పద్ధతివాళ్లు, నిసాబు అనే కనీస పరిమితి మేర ఆస్తి ఉన్నవాళ్లే ఇవ్వాలని హనఫీలు ముందే గీత గీశారు. ఆరుగురున్న ఇంట్లో తలకు అర కిలో ఎక్కువ వేసినా మొత్తం మీద పడేది మూడు కిలోలు. సా కొలతకు సరిపడా బియ్యం ఇచ్చేవాళ్లు రెండున్నరా, మూడా అని తటపటాయిస్తుంటే మూడే పోయాలి.