మోర్మన్ల ఊళ్లో పెరిగిన నాకు స్వధర్మం ఎలా అర్థమైంది?

 

ఈ వారం వీడియోలో భగవద్గీత 3వ అధ్యాయం, 35వ శ్లోకం గురించి చెప్పుకున్నాం. ఇతరుల ధర్మాన్ని ఎంత చక్కగా ఆచరించినా, దానికంటే లోపాలున్నా సరే తన ధర్మమే మేలని స్వామి అర్జునుడికి చెప్పిన సందర్భం అది. చాలామంది దీన్ని "వేరే మతం చెడ్డది" అనే అర్థంలో వాడేస్తుంటారు. నిజానికి అక్కడ మతాల ప్రస్తావనే లేదు. తన వంతు పని వదిలేసి ఇంకొకరి పని ఎత్తుకోబోయినవాడికి చెప్పిన మాట అది. వీడియోలో టైమ్ చాలక చెప్పలేకపోయిన నా సొంత అనుభవం ఇక్కడ రాస్తున్నాను.

నేను పెరిగింది అమెరికాలో, యూటా రాష్ట్రం ఉత్తరాన ఉన్న కాష్ వ్యాలీలో. నాన్నగారు లోగన్‌లోని యూటా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసేవారు. మేం ఉన్నది ఆ పక్కనే ఒక చిన్న ఊళ్లో. చుట్టూ కొండలు, మధ్యలో పొలాలు. ఊళ్లో దాదాపు అందరూ మోర్మన్లే. హిందువుల ఇల్లు మాదొక్కటే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. జోసెఫ్ స్మిత్ అనే ఆయన 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో స్థాపించిన క్రైస్తవ సంఘం ఇది. 1844లో ఆయన్ని చంపేశాక, బ్రిగం యంగ్ వెనకాల వీళ్లంతా పడమటికి బయల్దేరి 1847 జులైలో సాల్ట్ లేక్ లోయకు చేరారు. ఇప్పటికీ యూటాలో జులై 24 సెలవు దినం. మా లోయకు 1850ల్లో వచ్చారు. లోగన్ గుట్ట మీద వాళ్ల ఆలయం 1884 నుంచి ఉంది. రాత్రిళ్లు దాని దీపాలు చాలా దూరం నుంచి కనిపిస్తాయి. సంఘం పూర్తి పేరు తెలుగులో "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము". 2018 నుంచి తమని ఆ పేరుతోనే పిలవమని వాళ్లు కోరుతున్నారు. నా చిన్నప్పుడు అందరూ మోర్మన్లు అనే అనేవాళ్లు కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాను.

వాళ్ల దగ్గర నేను చూసింది

వాళ్లకి జీతం తీసుకుని పూజ చేసే పూజారి ఊళ్లో ఉండడు. బిషప్ అంటే మన వీధిలో ఉండే రైతో, పళ్ల డాక్టరో. కొన్నేళ్లపాటు ఉచితంగా ఆ బాధ్యత చూసి, తర్వాత ఇంకొకరికి అప్పజెప్తాడు. ఒకరు పిల్లలకు పాఠం చెప్తారు, ఒకరు పియానో వాయిస్తారు, ఇంకొకరు కుర్చీలు సర్దుతారు. ఖాళీగా కూర్చునేవాళ్లు తక్కువ. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. ఆ భోజనానికయ్యే డబ్బు బీదవాళ్లకు ఇచ్చేస్తారు. సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోవాలి. కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టుకోరు. హైస్కూల్ పిల్లలు రోజూ ఒక పీరియడ్ పక్క బిల్డింగ్‌కి వెళ్లి మతపాఠం నేర్చుకుని వస్తారు. కుర్రాళ్లు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే రెండేళ్ల ప్రచారానికి వెళ్లిపోతారు.

మా ఇంట్లో మాత్రం పొద్దున్నే ఫిల్టర్ కాఫీ ఘుమఘుమ! నా స్నేహితులు వస్తున్నారంటే అమ్మ ఆ డికాషన్ గిన్నె లోపల పెట్టేసి, వాళ్లకి బాదంపాలు ఇచ్చేది. "ఇంటికొచ్చిన పిల్లల నియమం మన గుమ్మంలో చెడకూడదురా" అనేది. అతిథిధర్మం అంటే ఏంటో నాకు అక్కడే తెలిసింది.

పిల్లవాడి ప్రశ్న

వాళ్లలో పిల్లలకి ఎనిమిదేళ్లకు బాప్తిస్మం ఇస్తారు. ఆ ఏడాది మా క్లాసులో వారానికొకరు తెల్లబట్టలు వేసుకుని నీళ్లలో మునిగి వచ్చేవారు. "నీదెప్పుడు?" అని నన్ను అడిగేవారు. నేను ఇంటికొచ్చి అదే ప్రశ్న అమ్మని అడిగేవాణ్ణి. "మనకు అలా ఉండదు నాన్నా" అనేది. అక్కడితో ఆగిపోయేది.

అంతకంటే గట్టి ప్రశ్న ఇంకోటి వచ్చింది. వాళ్ల నమ్మకం ప్రకారం ఆలయంలో ముడివేస్తే భార్యాభర్తలు, పిల్లలు మరణం తర్వాత కూడా ఎప్పటికీ కలిసే ఉంటారు. నా ప్రాణస్నేహితుడు ఒకరోజు ఆ సంగతి చెప్పి, "మరి మీరు కలిసి ఉండరు కదా?" అన్నాడు. ఎగతాళి కాదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ, నాన్న, నేను తలా ఒక చోట చీకట్లో ఉన్నట్టు ఊహించుకుని భయపడిపోయాను.

తెనాలి నుంచి నాయనమ్మ ఫోన్ చేసినప్పుడు అమ్మ ఇదంతా చెప్పింది. నాయనమ్మ అన్నమాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం: "వాళ్ల పిల్లాడికి వాళ్ల నాన్న కూర్చోబెట్టి చెప్పాడు. మన పిల్లాడికి మీరేం చెప్పారు?"

ఆ సోమవారం నుంచి మా ఇంట్లోనూ ఇరవై నిమిషాల భాగవతం మొదలైంది. నాన్నగారు ముందురోజు చదువుకుని మర్నాడు నాకు చెప్పేవారు. మొదలుపెట్టింది 7వ స్కంధం, ప్రహ్లాద చరిత్ర. ఒక్కసారి గమనించండి. ప్రహ్లాదుడి ఊరంతా ఒక దారి, ఆ బడిలో గురువులు ఒక దారి, కన్నతండ్రి ఒక దారి. వాడు ఒంటరి. అయినా ఎవర్నీ ద్వేషించలేదు. చివరికి నరసింహస్వామి వరం కోరుకోమంటే తండ్రి తప్పులు మన్నించమన్నాడు. అప్పుడు స్వామి ఏమన్నాడు? నీలాంటివాడు పుట్టినందుకు నీ తండ్రితో పాటు ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయి అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది! మర్నాడు స్నేహితుడికి చెప్పాను, మాది ఇరవై ఒక్క తరాల లెక్క అని. వాడు వేళ్ల మీద లెక్కపెట్టి, "చాలామందే!" అన్నాడు. తర్వాత ఇద్దరం బాస్కెట్‌బాల్ ఆడుకున్నాం.

రెండో వైపు కూడా చెప్పాలి

అంతా తియ్యగా ఉందని చెప్పను. మంచు పడితే మేం లేచేసరికి మా వాకిలి ఎవరో శుభ్రం చేసి ఉండేవారు. అదే మనుషుల ఇళ్లలో కొన్ని పుట్టినరోజులకు నాకు పిలుపు ఉండేది కాదు. వాళ్ల ఆలయంలో జరిగే పెళ్లికి, ఆ సంఘంలో లేకపోతే సొంత తల్లిదండ్రులైనా సరే లోపలికి వెళ్లలేరు. మనం వేలెత్తి చూపే ముందు పూరీ జగన్నాథుడి గుడి గుర్తు తెచ్చుకోవాలి. అక్కడా హిందువులు కానివారికి ప్రవేశం లేదు. హైస్కూల్లో ఒకమ్మాయి నమ్మకం పోయి సంఘానికి దూరమైంది. చిన్న ఊళ్లో మతం వదిలితే స్నేహాలు, పండగలు, ఆదివారాలు అన్నీ పోతాయి. ఆ ఏడాదంతా ఆ అమ్మాయి చాలాసార్లు మా ఇంట్లోనే భోంచేసింది. అమ్మ ఒక్కసారీ మతం మాట ఎత్తలేదు.

స్పానిష్ ఫోర్క్ అనే ఊళ్లో ఇస్కాన్ వారి రాధాకృష్ణుల గుడి ఉంది. అది కట్టేటప్పుడు మోర్మన్ సంఘం కూడా సాయం చేసింది. అక్కడి హోలీకి వేలమంది వస్తారు, ఎక్కువమంది మోర్మన్ కుర్రకారే. ఒళ్లంతా రంగులతో హరినామం పాడి, ఆదివారం మళ్లీ తమ ప్రార్థనకు వెళ్తారు. వాళ్ల ధర్మం ఏమీ తగ్గిపోలేదు. వేళ్లు లోతుగా ఉన్నవాడికి పక్క చెట్టు నీడంటే భయం ఉండదు.

ఇప్పుడు మన సంగతి

ఉద్యోగరీత్యా నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఆ సంఘం మన దేశంలో తొలి స్టేక్‌ని, అంటే కొన్ని స్థానిక సంఘాల సమూహాన్ని, 2012లో ఏర్పాటు చేసింది ఈ ఊళ్లోనే. రాజమండ్రి, విశాఖలోనూ వాళ్లున్నారు. అక్కడ నేను ఎలా ఒంటరినో, ఇక్కడ వాళ్ల పిల్లలు అలా. మన అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితి పందిరి దగ్గర దూరంగా నిలబడి చూసే పిల్లవాడు ఒకడుంటాడు. వాణ్ణి చూస్తే నాకు నేనే కనిపిస్తాను.

అందుకని ఈ వారం మూడు పనులు చేద్దాం.

ఒకటి: వారంలో ఒక సాయంత్రం, ఫోన్లు పక్కనపెట్టి, ఇరవై నిమిషాలు పిల్లలకు మీరే ఒక కథ చెప్పండి. యూట్యూబ్‌కి వదిలేయకండి, మా ఛానల్‌కి కూడా. తెలియకపోతే నాన్నగారిలా ముందురోజు చదువుకోండి.

రెండు: ఏకాదశి ఉపవాసం ఉంటే, మానేసిన భోజనం ఖర్చు ఆకలితో ఉన్నవారికి చేర్చండి.

మూడు: మీ మధ్య వేరే నమ్మకంతో ఉన్న ఇంటివాళ్లను భోజనానికి పిలవండి. పిలిచే ముందు వాళ్లు ఏం తింటారో, ఏం తినరో అడిగి తెలుసుకోండి.

మన పిల్లలకు చెప్పుకోవడం, పక్కింటి పిల్లల్ని చిన్నబుచ్చకపోవడం, రెండూ మన వంతు పనులే. స్వధర్మమంటే నాకు అర్థమైంది ఇదే.

వచ్చే వారం వీడియోలో 3వ అధ్యాయంలోనే తర్వాతి శ్లోకం, మనిషి ఇష్టం లేకున్నా పాపం ఎందుకు చేస్తాడన్న అర్జునుడి ప్రశ్న చూద్దాం. అందరికీ ఆ తల్లి అనుగ్రహం కలగాలి. శుభం.