పరభాషకు శిష్యరికం

మధ్యయుగాల ఐరోపాలో చదువుకోసం ఇల్లు విడిచినవారికి ఒక ప్రత్యేక రక్షణ లభించింది. 12వ శతాబ్ది నడుమ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా, ఇటలీలోని బొలోన్యా విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని వెలువరించిన శాసనం, విద్యాప్రేమచేత ప్రవాసులైనవారిని ఆదరించి కాపాడాలని ఆదేశించింది. ఒకడు చేసిన అప్పుకు అతని దేశీయుడైన విద్యార్థిని పట్టి బాధించరాదని కూడా అందులో ఉంది. భావం ఉదాత్తమైనదే. అయితే ఒక వింగడింపు అందులో ఇమిడి ఉంది. విద్యకోసం పరదేశం చేరినవాడు గౌరవానికి పాత్రుడు. కూటికోసం చేరినవాని ఊసు ఆ శాసనం ఎత్తదు. ఎనిమిది శతాబ్దాలు గడచినా ఆ వింగడింపు మన మనస్సులలో పెద్దగా చెదరలేదు.

సూరత్ నగరానికి దక్షిణాన, నవ్‌సారీ వెళ్లే దారిలో ఉన్ అనే ఊరు ఉంది. ఒకప్పటి పల్లె, ఇప్పుడు నగర శివారు. సూరత్ మరమగ్గాలపై బతుకుదెరువు వెతుక్కొంటూ తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాలలో అధికంగానూ, ఇతర పేటలలో కొంత కొంతగానూ స్థిరపడ్డాయి. సిరిసిల్లలో ‘సాంచాలు’ అని పిలుచుకొనే యంత్రాలనే వారు ఇక్కడా నడిపారు. ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, కిరాణా దుకాణంలోనూ కచేరీలోనూ గుజరాతీ, పక్క మగ్గంవానితో అతని ఒడియాయో మరాఠీయో నాలుగు ముక్కలు: ఇన్ని భాషలు వారు ఏ పాఠశాలకూ వెళ్లకుండానే పట్టుకొన్నారు. ఈ సామర్థ్యానికి యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇది చదువు అని ఎవరూ అనలేదు, వారితో సహా.

ఉన్‌లో ఇల్లు అద్దెకు తీసుకొన్న అటువంటి ఒక కుటుంబాన్ని ఊహించవచ్చు. ఆ ఇంటి అమ్మాయి పట్టభద్రురాలై, ఇటలీ వెళ్లి అక్కడి భాషను, సంస్కృతిని అభ్యసిస్తానని అంటే పెద్దల స్పందన ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. కంప్యూటర్ చదువుకు వెళతానంటే అప్పు చేసైనా పంపే తండ్రి, భాషకోసం వెళతానంటే నివ్వెరపోతాడు. ‘అది కూడు పెడుతుందా బిడ్డా?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ముందు మన తెలుగు చదవడం నేర్చుకో’ అన్నది రెండవది. ఈ రెంటిలో మొదటిదాన్ని తేలికగా తీసివేయరాదు. నెలజీతం లెక్కపెట్టుకొని బతికే ఇంటికి కూటి ప్రశ్న సంకుచితత్వం కాదు, అనుభవం. అదే కోరిక సంపన్నుల ఇంట పుడితే అభిరుచి అనిపించుకొంటుంది. నేత కార్మికుని ఇంట పుడితే పొగరు అనిపించుకొంటుంది. ప్రయోజనం లేనిదాన్ని ప్రేమించే హక్కు ఆస్తిని బట్టి రావాలా అన్నదే ఇక్కడి నైతిక సమస్య.

ఈ ప్రశ్నకు సూరత్ రేవు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది, అయితే దిక్కు తారుమారు. 1623 ఫిబ్రవరిలో పియెత్రో దెల్లా వల్లె అనే రోమ్ నగరవాసి సూరత్‌లో దిగాడు. వర్తకుడు కాడు, రాయబారి కాడు, మతప్రచారకుడూ కాడు. 1614లో వెనిస్‌లో ఓడ ఎక్కినది మొదలు ఇస్తాంబుల్‌లో తుర్కీ, ఆపై అరబ్బీ, పారసీకం నేర్చుకొంటూ వచ్చాడు. బాగ్దాద్‌లో పెళ్లాడిన భార్య సిత్తి మాఅని పారశీక తీరంలో మరణించగా, ఆమె భౌతికకాయాన్ని రోమ్‌లో తన వంశీకుల సమాధిలోనే ఉంచాలన్న పట్టుదలతో పెట్టెలో వెంట తీసుకొనే తిరిగాడు. నేపుల్స్‌లోని వైద్యమిత్రుడు మారియో స్కిపానోకు రాసిన లేఖలలో తాను చూసినదంతా నమోదు చేశాడు. ఆయన చదువుకు ప్రభువుల శాసనం అక్కరలేకపోయింది. కులీన కుటుంబం, చేతినిండా ధనం ఉన్నాయి. ప్రయోజనం ఏమిటని ఆయనను ఎవరూ నిలదీయలేదు.

ఆ ప్రయాణంలోనే, పడమటి కనుమలలో ఇక్కేరి వెళ్లే దారిలో, ఆయన ఒక గుడి వసారాలో నలుగురు పిల్లలను చూశాడు. నేలపై సన్నని ఇసుక పరచి, పాఠాన్ని రాగయుక్తంగా వల్లె వేస్తూ, అంకెలను వేలితో రాస్తున్నారు. ఇసుక నిండగానే చెరిపి కొత్త ఇసుక చల్లుకొంటున్నారు. మరచిపోతే దిద్దేవారెవరని ఆయన అడిగాడు. నలుగురూ ఒక్కసారే మరచిపోవడం జరగదని, ఒకరికొకరు గుర్తు చేసుకొంటారని వారు బదులిచ్చారు. మన వీధిబడులలో ఇసుకలో అక్షరాలు దిద్దినవారికి ఇందులో వింత లేదు. వింత ఆ పెద్దమనిషిది: నాలుగైదు భాషలు వచ్చిన ప్రభుకుమారుడు నిలిచి పిల్లలను ప్రశ్న అడిగాడు, జవాబును భద్రంగా రాసుకొన్నాడు. శిష్యరికం అంటే ఇదే. తెలిసినవాడు తెలియనివాడై నిలబడటం.

అయితే పరభాషాభ్యాసం అంతా ఇంత నిష్కామం కాదు. అప్పటికే మదురలో మరొక ఇటాలియన్, రాబెర్తో దె నోబిలి, సన్న్యాసి వేషంలో తమిళం, సంస్కృతంతోపాటు తెలుగు కూడా నేర్చుకొని ఉన్నాడు. మదుర నాయకుల ఆస్థానభాష తెలుగు కావడం అందుకొక కారణం. ఆయన పాండిత్యం నిజమైనది, లక్ష్యం మతాంతరీకరణ. దేశాచారాలను స్వీకరించిన ఆయన పద్ధతి తగునా అన్న వివాదం రోమ్ దాకా వెళ్లి, అదే 1623లో పోప్ అనుమతితో ఒక కొలిక్కి వచ్చింది. విచారణ అంతా ఆ వేషం తమ మతానికి సమ్మతమా అన్నదానిపైనే సాగింది. నేర్పిన పండితుడు తన విద్యకు ఏ ఫలితం ఆశించాడో ఎవరూ విచారించలేదు. భాష నేర్చుకోవడం గౌరవమూ కావచ్చు, పన్నాగమూ కావచ్చు. మనోహరమైన ఉచ్చారణ దేనికీ సాక్ష్యం కాదు.

తెలుగువారికి ఇటాలియన్‌తో ఉన్న సంబంధం చిత్రమైనది. తెలుగు ‘ప్రాచ్య ఇటాలియన్’ అన్న మాట మన సభలలో తరచు వినిపిస్తుంది. 15వ శతాబ్దిలో విజయనగరాన్ని దర్శించిన నికొలో దె కోంటీకి దాన్ని ఆపాదించడం పరిపాటి. పోజియో బ్రాచ్చొలీని లాటిన్‌లో లిఖించిన ఆయన వృత్తాంతంలో మాత్రం ఆ మాట లేదు. 19వ శతాబ్దిలో ఆంగ్ల పండితుల మూలంగా అది వ్యాప్తి పొందింది. ఆ పోలికను గర్వంగా చెప్పుకొనేవారిలో ఒక్క ఇటాలియన్ వాక్యమైనా విన్నవారు ఎందరు?

పోలికలో కొంత నిజం లేకపోలేదు. రెండు భాషలలోనూ పదాలు సాధారణంగా అచ్చులతో ముగుస్తాయి. మనకు ‘గడి’ వేరు, ‘గడ్డి’ వేరు అయినట్లే వారికి ‘కాసా’ ఇల్లు, ‘కాస్సా’ పెట్టె. ఇంగ్లీషువాడు తడబడే ఈ ద్విత్వం తెలుగు నోటికి సునాయాసం. ‘నువ్వు’, ‘మీరు’ అన్న భేదం వారికీ ఉంది. మర్యాదకు వారు వాడే ‘లేయి’ అన్న సర్వనామాన్ని 1938లో ముస్సోలినీ ప్రభుత్వం నిషేధింపజూసింది. ఆ ప్రభుత్వం పోయింది, సర్వనామం నిలిచింది.

అంతకంటె గమనించదగినది మరొకటి. ఇటాలియన్‌ను ఇటాలియన్లు సైతం చదువుకొని నేర్చుకోవలసి వచ్చింది. 1861లో దేశం ఏకమైనప్పుడు జనంలో అత్యధికులు తమ ప్రాంతీయ భాషలే మాట్లాడేవారు. మిలాన్‌వాడైన నవలాకారుడు అలెస్సాంద్రో మంజోనీ 1827లో ఫ్లారెన్స్ వెళ్లి, అక్కడి జీవద్భాషను చెవులారా విని, అచ్చయిన తన నవలను తిరిగి రాశాడు. 1840 నుండి వెలువడిన సవరించిన ప్రతి ఆ శ్రమకు ఫలం. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషకోసం చేసిన పోరాటం ఎరిగిన పాఠకునికి ఈ కథ అపరిచితం కాదు.

ఇటీవలి సంవత్సరాలలో తెలుగు విద్యార్థులు ఇటలీకి గణనీయంగానే వెళుతున్నారు. సమర్థులు, అర్హులు అయినవారు పేదలైనా అత్యున్నత విద్య పొందే హక్కు కలవారని 1948లో అమలులోకి వచ్చిన ఆ దేశ రాజ్యాంగం 34వ అధికరణం చెబుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టి అక్కడి ప్రాంతీయ సంస్థలు ఇచ్చే విద్యార్థివేతనాలు విదేశీయులకూ అందుతాయి. బార్బరోసా శాసనం దాటలేని గీతను ఈ అధికరణం దాటిందనవచ్చు. కాని వెళ్లినవారిలో అనేకులు చదివేది ఇంగ్లీషు మాధ్యమంలో. మిలాన్ పాలిటెక్నిక్ 2012లో పై చదువులన్నీ ఇంగ్లీషులోనే బోధించాలని తీర్మానించగా, దేశభాషను పూర్తిగా తొలగించడం తగదని 2017లో రాజ్యాంగ న్యాయస్థానం స్పష్టం చేసింది. తీర్పు ఎలా ఉన్నా, రెండేళ్లు ఒక నగరంలో ఉండి, రొట్టెలమ్మే ముసలమ్మతో ఒక్క మాటైనా మాట్లాడలేక తిరిగివచ్చే విద్యార్థిని ఏమనాలి? అతడు విదేశం వెళ్లాడు. అతని తండ్రి సూరత్‌లో, భీవండీలో చేసిన పని అతడు చేయలేదు. సాంచాల రొదలో పక్కవాని భాష నేర్చిన ఆ నిరక్షరాస్యుడే ఈ లెక్కన మేలైన విద్యార్థి.

ఇక రెండవ ప్రశ్న, ‘ముందు తెలుగు’ అన్నది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడపడం విశేషమే. అయినా మాట్లాడటం వచ్చి చదవడం రాని తరం అక్కడ పెరుగుతోంది. పెద్దల ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని ఈ షరతును ఇంగ్లీషు చదివేవారికి ఎవరూ పెట్టరు. కూడు పెట్టే పరభాషను ఎదురుచూపులు లేకుండా అనుమతించి, ప్రేమతో నేర్చే పరభాషకు మాత్రం మాతృభాషను అడ్డుగోడగా నిలపడం మాతృభాషాభిమానం అనిపించుకోదు. అయితే పెరూజాలో విదేశీయుల విశ్వవిద్యాలయం తరగతిలో ఆ అమ్మాయి కూర్చున్న రోజున ఈ ప్రశ్న ఆమెను తప్పక ఎదుర్కొంటుంది. ఇంటి భాషను గురించి నాలుగు వాక్యాలు చెప్పమంటారు. చెప్పడానికి ఏదైనా ఉండాలి.

ఆ భాషలో తొలిపాఠాలలో వచ్చే ‘ఒక’ అనే మాటకు ఇటాలియన్ ‘ఉన్’. తన పేట పేరే తరగతిలో పదే పదే వినిపిస్తుంటే ఆమె నవ్వుకొంటుంది కాబోలు. దరఖాస్తు పత్రంలో ‘మాతృభాష’ అన్నచోట ఒక్క గీతే ఉంటుంది. తండ్రి నేర్చిన తక్కిన నాలుగింటిని రాయడానికి అందులో చోటు లేదు.